మొలలకు స్టేప్లర్ శస్త్రచికిత్స: నొప్పి తక్కువైతే చాలునా?

గత మాసం ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. రాసిన సోదరి తన పేరు గానీ ఊరు గానీ వెల్లడించవద్దని కోరారు. ఆమె భర్త దర్జీ. రోజుకు పది గంటలు మిషను ముందు కూర్చునే మనిషి. నాలుగేళ్లుగా మలవిసర్జన వేళ రక్తం పడుతున్నా ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు ఫజర్ నమాజుకు లేచి కళ్లు తిరిగి పడిపోయినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. పరీక్షించిన సర్జన్ మూడవ దశ మొలలని చెప్పి, రెండు మార్గాలు ముందుంచారు. పాత పద్ధతిలో కోసి తీసివేయడం మొదటిది. స్టేప్లర్ అనే పరికరంతో చేసేది రెండవది. రెండవదానికి ఖర్చు దాదాపు రెట్టింపు. "నొప్పి ఉండదు, త్వరగా పనిలో కూర్చోవచ్చు అంటున్నారు. నా గాజులు తాకట్టు పెట్టయినా స్టేప్లరే చేయించమంటారా?" అని ఆ సోదరి అడిగారు.

గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడిన ఇల్లాలికి అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఆ పరికరం లోపల ఏమి చేస్తుంది, దానివల్ల కలిగే మేలు ఎంతకాలం నిలుస్తుంది, దేనిని ఇచ్చి దేనిని తీసుకుంటున్నాము అన్నవి తెలిసిన తర్వాత తీసుకునే నిర్ణయమే నిర్ణయం. ఈ నెల శీర్షికను అందుకే ఈ ఒక్క విషయానికి కేటాయిస్తున్నాము.

సిగ్గు చాటున పెరిగే వ్యాధి

మూలశంక, అర్శమొలలు, పైల్స్, మన ఇళ్లలో పెద్దలు అనే బవాసీర్, పేరు ఏదైనా వ్యాధి ఒక్కటే. దీనిని ముదరబెట్టేది మిరపకారం కంటే ఎక్కువగా మన మౌనమే. రక్తం కనిపించిన మొదటి నెలలోనే వైద్యుని వద్దకు వెళ్లేవారు తక్కువ. చాటుగా ఏదో లేపనం కొని పూసుకునేవారు, గోడమీది ప్రకటన చూసి అర్హత లేని వారి చేత ఇంజెక్షన్లు వేయించుకునేవారు ఎక్కువ. అటువంటి చోట్ల తగని రసాయనం ఎక్కించడం వల్ల మలద్వారం కుంచించుకుపోయి జీవితాంతం బాధపడేవారు ఉన్నారు.

ఈ సందర్భంలో ఒక సహాబీని తలచుకోవడం మేలు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడేవారు. ఆ స్థితిలో నమాజు ఎలా చేయాలని ఆయన స్వయంగా దైవప్రవక్త (సల్లం) వారిని అడిగారు. నిలబడి చేయాలని, అది సాధ్యం కాకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే ప్రక్కకు పడుకుని చేయాలని ప్రవక్త (సల్లం) ఉపదేశించారు. సహీహ్ బుఖారీలో నమోదైన ఈ వృత్తాంతాన్ని మనం సాధారణంగా నమాజు విధుల అధ్యాయంలో చదివి ముందుకు సాగిపోతాము. అందులో రోగికి కూడా ఒక పాఠం ఉంది. ఒక గౌరవనీయుడైన సహాబీ తన వ్యాధిని పేరుపెట్టి చెప్పుకున్నారు. దానిని లోకం పద్నాలుగు శతాబ్దాలుగా చదువుతున్నా ఆయన గౌరవానికి ఏ లోటూ కలగలేదు. అటువంటప్పుడు భార్యకు చెప్పడానికి, వైద్యునికి చూపించడానికి మనం సిగ్గుపడడం దేనికి?

మొలలు అసలు ఏమిటి?

మొలలు బయటి నుండి వచ్చి చేరిన కణుతులు కావు. మలద్వారం లోపలి గోడలో రక్తనాళాలతో, మెత్తని కండతో కూడిన మూడు దిండ్లవంటి భాగాలు పుట్టుకతోనే మనందరికీ ఉంటాయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే, గడియారపు ముఖంలో 3, 7, 11 అంకెలు ఉండే చోట్ల ఇవి ఉంటాయని వైద్యులు గుర్తుపెట్టుకుంటారు. మలద్వారం బిగువుగా మూసుకుని ఉండడానికి, వాయువు గానీ ద్రవం గానీ తెలియకుండా జారిపోకుండా ఉండడానికి ఇవి తోడ్పడతాయి. వుజూ నిలవడానికి కూడా అవసరమైన ఏర్పాటు అన్నమాట.

మలబద్ధకం, ఎక్కువసేపు ముక్కడం, గర్భధారణ, వయసు మొదలైన కారణాల వల్ల ఈ దిండ్లను గోడకు పట్టి ఉంచే సన్నని కండర తంతువులు సడలిపోతాయి. అప్పుడు అవి ఉబ్బి కిందికి జారతాయి. ఆ జారుడును బట్టే దశలను నిర్ణయిస్తారు. రక్తం పడుతుంది గానీ బయటికి రాకపోతే మొదటి దశ. ముక్కినప్పుడు బయటికి వచ్చి తమంతట తామే లోనికి పోతే రెండవది. వేలితో నెట్టితే గానీ లోనికి పోకపోతే మూడవది. నెట్టినా పోకుండా బయటే ఉండిపోతే నాల్గవది.

మరొక్క విషయం తెలిస్తే స్టేప్లర్ కిటుకు సులభంగా అర్థమవుతుంది. మలద్వారం అంచు నుండి కొద్దిగా లోపలికి దంతరేఖ అని పిలిచే ఒక సరిహద్దు ఉన్నది. ఆ గీతకు దిగువనున్న చర్మం మన వేలికొన వలె గుచ్చినా కోసినా నొప్పిని తీవ్రంగా గ్రహిస్తుంది. ఎగువనున్న లోపొరకు కోత నొప్పి దాదాపు తెలియదు. లోపలి మొలలు రక్తం కారుస్తున్నా నొప్పి లేకపోవడానికి, నొప్పి లేదు గనుక ఏమీ కాదులే అని మనం ఏళ్ల తరబడి ఊరుకోవడానికి కారణం ఇదే.

శస్త్రచికిత్స అందరికీ అవసరం లేదు

మొదటి, రెండవ దశలలో చాలామందికి కత్తితో పనిలేదు. పీచు ఎక్కువగా ఉన్న ఆహారం, తగినంత నీరు, ఇసబ్‌గోల్, ముక్కే అలవాటు మానుకోవడం వల్లనే ఎంతో ఉపశమనం కలుగుతుంది. అది చాలకపోతే మొల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు. మత్తు అవసరం లేకుండా వైద్యుని గదిలోనే జరిగే పని ఇది. రక్తప్రసారం ఆగి ఆ భాగం కొద్ది రోజుల్లో ఎండి రాలిపోతుంది. గర్భిణులకు వచ్చే మొలలు చాలావరకు ప్రసవానంతరం తగ్గుముఖం పడతాయి కనుక వారి విషయంలో తొందర తగదు.

శస్త్రచికిత్స ప్రస్తావన వచ్చేది సాధారణంగా మూడవ, నాల్గవ దశలలో, లేదా బ్యాండ్లు వేసినా రక్తం ఆగనప్పుడు. అయితే దానికి ముందు దాటవేయరాని మెట్టు ఒకటి ఉన్నది. రక్తం నిజంగా మొలల నుండే వస్తున్నదా అని తేల్చుకోవాలి. పెద్దప్రేగు చివరి భాగంలో పుట్టే క్యాన్సర్ కూడా ఇలాగే రక్తం చూపిస్తుంది. మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదనే నియమం ఏదీ లేదు. వయసు నలభై దాటినవారు, మలవిసర్జన అలవాటు మారినవారు, బరువు తగ్గినవారు, రక్తహీనత ఏర్పడినవారు, రక్తసంబంధీకులలో ఎవరికైనా పెద్దప్రేగు క్యాన్సర్ వచ్చినవారు పెద్దప్రేగును గొట్టపు కెమెరాతో పరీక్షించే కొలనోస్కోపీ గురించి వైద్యుని తప్పక అడగాలి. వేలితో పరీక్షించకుండా, లోపలికి చూడకుండా, మాట విని మొలలేనని చెప్పి ఆపరేషన్ తేదీ ఇచ్చే చోట ఆగి ఆలోచించవలసిందే.

పాత పద్ధతి

1937లో లండన్ నగరంలోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన మిల్లిగాన్, మోర్గాన్ అనే సర్జన్లు, వారి సహచరులు వివరించిన శస్త్రచికిత్సను నేటికీ ప్రపంచమంతటా చేస్తున్నారు. ఉబ్బిన మూడు మొలలను మొదలు వరకు విడదీసి, రక్తనాళాన్ని కట్టివేసి, కోసి తొలగిస్తారు. మధ్యమధ్య ఆరోగ్యంగా ఉన్న చర్మపు వంతెనలను మిగులుస్తారు. గాయాలను కుట్టకుండా వదిలితే అవి తమంతట తాము కొన్ని వారాలలో మానుతాయి. కుట్టు వేసి మూసే పద్ధతి కూడా ఉన్నది.

ఇందులో కోత దంతరేఖకు దిగువన, నొప్పి తెలిసే చర్మం మీద కూడా పడుతుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు మలవిసర్జన ఒక పరీక్షలా ఉంటుంది. ఈ బాధకు జడిసి ఏళ్ల తరబడి వాయిదా వేసేవారు ఎందరో. కానీ వ్యాధిగ్రస్తమైన భాగం పూర్తిగా తొలగిపోవడం, బయట వేలాడే చర్మపు ముడుతలు కూడా పోవడం ఈ పద్ధతికి గల బలం.

స్టేప్లర్ ఏమి చేస్తుంది?

ఇటలీకి చెందిన సర్జన్ ఆంటోనియో లాంగో 1990 దశకంలో వేరొక కోణంలో ఆలోచించారు. మొలలు జారడమే అసలు సమస్య అయినప్పుడు వాటిని కోయడమెందుకు, జారినదానిని పైకి లాగి యథాస్థానంలో నిలిపితే సరిపోదా అన్నది ఆయన యోచన. 1998లో రోమ్ నగరంలో జరిగిన సర్జన్ల మహాసభలో ఆయన సమర్పించిన పత్రంతో ఈ పద్ధతి లోకానికి పరిచయమైంది.

ఉత్తరం రాసిన సోదరి భర్త దర్జీ కనుక ఆయన భాషలోనే చెబుతాము. చొక్కా చేయి పొడవై అంచు మణికట్టు దాటి జారుతున్నదనుకోండి. దర్జీ అంచును కత్తిరించకుండా, మోచేతి పైభాగాన చుట్టూ ఒక మడత పట్టి, ఎక్కువైన బట్టను తీసివేసి కుట్టు వేస్తే అంచు దానంతట అదే పైకి లేస్తుంది. స్టేప్లర్ చేసే పని సరిగ్గా ఇదే.

నడుము కింది భాగానికి గానీ పూర్తిగా గానీ మత్తు ఇచ్చిన తర్వాత, మలద్వారంలోకి పారదర్శకమైన ఒక గొట్టాన్ని అమర్చి దాని గుండా చూస్తూ పనిచేస్తారు. దంతరేఖకు కొన్ని సెంటీమీటర్ల ఎగువన, పేగు లోపొరలో మాత్రమే, సంచి మూతిని బిగించే తాడు వలె చుట్టూ ఒక దారం నడుపుతారు. పిదప సుమారు 33 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రని స్టేప్లర్‌ను లోనికి పంపుతారు. దాని తల భాగం ఆ దారపు వలయానికి పైన ఉండేలా చూసి దారాన్ని బిగించి ముడివేస్తారు. దారపు కొసలను పట్టి లాగితే జారిన లోపొర పరికరపు గూటిలోకి చేరుతుంది. అప్పుడు పరికరాన్ని బిగించి, కొన్ని క్షణాలు ఆగి, మీట నొక్కుతారు. ఒక్క నొక్కుతో రెండు పనులు జరుగుతాయి. చుట్టూ టైటానియం పిన్నులు వరుసలుగా దిగి పై అంచును కింది అంచుతో కలిపి కుట్టివేస్తాయి. లోపలనున్న గుండ్రని కత్తి ఎక్కువైన లోపొరను వలయాకారంలో కోసి వేరుచేస్తుంది. మొలలు పైకి లేస్తాయి. వాటికి వచ్చే రక్తప్రసారం కొంత తగ్గి అవి క్రమంగా కుంచించుకుపోతాయి. కోత అంతా నొప్పి తెలియని ప్రాంతంలోనే ఉండిపోతుంది.

మొత్తం పని సాధారణంగా అరగంటలో ముగుస్తుంది. అయితే యంత్రం చేసేదే గనుక ఎవరు చేసినా ఒకటే అనుకోవడం పొరపాటు. ఫలితమంతా ఆ దారం ఎంత ఎత్తులో, ఎంత లోతులో నడిచింది అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. కుట్టు మరీ కిందికి వస్తే దంతరేఖను తాకి, తక్కువగా ఉండవలసిన నొప్పి తీవ్రమై కొన్నిసార్లు నెలల తరబడి నిలుస్తుంది. మరీ పైకి పోతే మొలలు సరిగా లేవవు. లోతుగా పోతే లోపొరతోపాటు కండరం కూడా కోతలోకి వస్తుంది. స్త్రీల విషయంలో పేగు ముందు గోడకు ఆనుకుని యోని ఉంటుంది కనుక, మీట నొక్కే ముందు ఆ గోడ పరికరంలో చిక్కుకోలేదని వేలితో పరీక్షించి నిర్ధారించుకోవడం తప్పనిసరి నియమం. మీట నొక్కిన పిదప సర్జన్ పిన్నుల వరుసను చుట్టూ పరిశీలించి, రక్తం చిమ్ముతున్న చోట అదనంగా కుట్లు వేస్తారు. బయటికి వచ్చిన వలయం తెగకుండా పూర్తిగా ఉన్నదో లేదో కూడా చూస్తారు.

ఫలితాలు: మొదటి నెల, రెండవ సంవత్సరం

మొదటి కొద్ది వారాల లెక్కలో స్టేప్లర్‌దే పైచేయి. నొప్పి తక్కువ. ఆసుపత్రిలో ఉండవలసిన కాలం తక్కువ. బయట గాయం ఉండదు కనుక కట్లు, శుభ్రపరచడం వంటి బాధలు తక్కువ. పనిలోకి త్వరగా వెళ్లవచ్చు. దీనిని ఎవరూ కాదనడం లేదు. బ్రిటన్‌లో చికిత్సల యోగ్యతను నిర్ణయించే జాతీయ సంస్థ నైస్ 2007లో, జారిన లోపలి మొలలకు శస్త్రచికిత్స అవసరమైనవారి విషయంలో దీనిని ఒక ఎంపికగా ఆమోదించింది.

కానీ కాలం గడిచేకొద్దీ లెక్క మారుతున్నది. అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సమీక్ష 2006లోనే ఒక హెచ్చరిక చేసింది. స్టేప్లర్ చేయించుకున్నవారిలో మొలలు తిరిగి రావడం, మళ్లీ బయటికి జారడం పాత పద్ధతి కంటే ఎక్కువగా ఉన్నదని అది తేల్చింది. ఆ తర్వాత బ్రిటన్‌లోని 32 ఆసుపత్రులలో 777 మంది రోగులపై ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఎవరికి ఏ పద్ధతి అన్నది లాటరీ వలె నిర్ణయించి, రెండు సంవత్సరాలు వారిని గమనించారు. ఫలితాలు 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. మొదటి మూడు వారాలలో స్టేప్లర్ వర్గానికి నొప్పి తక్కువగా ఉన్నమాట నిజమే. కానీ రెండేళ్ల కాలాన్ని మొత్తంగా తూచి చూస్తే పాత పద్ధతి వర్గం వారి జీవన నాణ్యతే మెరుగ్గా ఉన్నది. తిరిగి మొలలు రావడం వారిలోనే తక్కువ. ఖర్చు కూడా పాత పద్ధతికే తక్కువైంది. తీవ్రమైన దుష్ఫలితాల విషయంలో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దీని భావం స్టేప్లర్ చెడ్డదని కాదు. మొదటి మూడు వారాల సుఖానికి, రెండు మూడేళ్ల నిశ్చింతకు మధ్య ఒక బేరం ఉన్నదని భావం. ఆ బేరాన్ని రోగికి ఎరుకపరచకుండా నొప్పి ఉండదన్న ఒక్క మాట చెప్పడం సగం సత్యం చెప్పడమే.

తెలిసి ఉండవలసిన ఇబ్బందులు

స్టేప్లర్ తర్వాత మలవిసర్జన తొందర ఎక్కువై, వచ్చిందంటే ఆపుకోలేకపోవడం కొందరికి ఎదురవుతుంది. చాలామందిలో వారాలలో, నెలలలో ఇది సర్దుకుంటుంది. పిన్నుల వరుస వద్ద రక్తం కారడం, మత్తు ప్రభావంతో మొదటి రోజు మూత్రం బిగపట్టడం, కొంతకాలానికి వరుస వద్ద పేగు సన్నబడడం, అరుదుగా దీర్ఘకాలం నిలిచే నొప్పి కూడా ఉంటాయి. మరీ అరుదుగా, పేగుకు రంధ్రం పడడం, కటి భాగంలో చీము పట్టడం, స్త్రీలలో పేగుకూ యోనికీ మధ్య దారి ఏర్పడడం వంటి ప్రమాదాలు సంభవించిన దాఖలాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. బయట వేలాడే చర్మపు ముడుతలను స్టేప్లర్ తీసివేయదు కనుక, ఆపరేషన్ జరిగాక కూడా ఇంకా ఏదో తగులుతున్నదని కొందరు నిరాశపడతారు.

పాత పద్ధతి కూడా నిష్కళంకమైనది కాదు. తీవ్రమైన నొప్పితోపాటు, వారం పది రోజుల తర్వాత హఠాత్తుగా రక్తం పడడం, చర్మం అతిగా తీసివేస్తే మలద్వారం బిగుసుకుపోవడం, బిగించే కండరం దెబ్బతింటే వాయువు మీద అదుపు తగ్గడం దాని చిక్కులు.

ఏ పద్ధతి చేయించుకున్నా సరే, జ్వరం, చలి, రోజురోజుకూ పెరిగే నొప్పి, కడుపునొప్పి, మూత్రం రాకపోవడం, గడ్డలుగా రక్తం పడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లాలి.

ఎవరికి ఏది తగును?

చుట్టూ ఒకే తీరుగా జారిన మూడవ దశ లోపలి మొలలు, బయటి ముడుతలు పెద్దగా లేకపోవడం, ఎక్కువ రోజులు పని మానుకోలేని పరిస్థితి, ఇవన్నీ కలిసినప్పుడు స్టేప్లర్ ఆలోచించదగినది. లోనికి నెట్టడానికి వీలుకాని నాల్గవ దశ, బయటి మొలలు పెద్దవిగా ఉండడం, ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉబ్బి ఉండడం వంటి సందర్భాలలో పాత పద్ధతే మేలు. మలద్వారం వద్ద చీముగడ్డ ఉన్నవారికి, మార్గం సన్నబడి ఉన్నవారికి స్టేప్లర్ తగదు.

నిర్ణయానికి ముందు సర్జన్‌ను ఈ ప్రశ్నలు అడగండి. అడగడం అవిశ్వాసం కాదు, రోగి హక్కు.

1. రక్తం మొలల నుండే వస్తున్నదని ఎలా నిర్ధారించారు? పేగు లోపల పరీక్ష అవసరమా?

2. బ్యాండ్లు వేయడం వంటి చిన్న చికిత్సతో సరిపోదా?

3. స్టేప్లర్ పద్ధతిలో మీకు ఎంత అనుభవం ఉన్నది?

4. వాడబోయే పరికరం కొత్తదేనా? ఒక్కసారి వాడి పారవేయవలసిన పరికరమిది. దాని సీలు చూపించగలరా? బిల్లులో విడిగా రాయగలరా?

5. మొలలు తిరిగి వస్తే తర్వాత ఏమి చేస్తారు? అప్పటి ఖర్చు ఎంత?

సోదరీమణులు మహిళా సర్జన్ లభిస్తే ఆమెనే సంప్రదించవచ్చు. లభించని చోట అవసరం మేరకు పురుష వైద్యునికి చూపించడాన్ని ధర్మవేత్తలు అనుమతించారు. నర్సు గానీ కుటుంబ సభ్యులు గానీ ప్రక్కన ఉండేలా కోరవచ్చు. మహిళా వైద్యురాలు దొరకలేదన్న కారణంతో సంవత్సరాలు రక్తం పోగొట్టుకోవడం మాత్రం ఎవరూ కోరని పని.

ఆపరేషన్ తర్వాత ఇంట్లో

మలం మెత్తగా రావడమే సగం వైద్యం. ఆకుకూరలు, పండ్లు, పప్పులు, పొట్టు తీయని ధాన్యం, తగినన్ని నీళ్లు, వైద్యుడు చెప్పిన మలం మెత్తబరచే మందు తప్పనిసరి. కొన్ని బలమైన నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి కనుక వాటిని సొంతంగా కొని వాడరాదు. గోరువెచ్చని నీటి తొట్టిలో రోజుకు రెండు మూడుసార్లు పది నిమిషాలు కూర్చుంటే కండరం సడలి హాయి కలుగుతుంది. నీటితో శుభ్రపరచుకోవడం మనకు అలవాటే. ఆ నీరు మెల్లగా పోయాలి, రుద్దరాదు. సెల్‌ఫోను పట్టుకుని మరుగుదొడ్డిలో కూర్చునే అలవాటు మానకపోతే ఏ ఆపరేషనూ నిలవదు.

నమాజు విషయంలో సందేహాలు చాలామందికి వస్తాయి. వంగలేని రోజులలో కూర్చుని, అదీ కష్టమైతే పడుకుని చేయడానికి హజ్రత్ ఇమ్రాన్ (రజి) వృత్తాంతమే ఆధారం. రక్తం ఆగకుండా కారుతున్నవారికి వుజూ విషయంలో ధర్మం ప్రత్యేకమైన వెసులుబాటు కల్పించింది. తమ స్థితి ఆ పరిధిలోకి వస్తుందో రాదో దగ్గరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. రమజాన్ దగ్గరపడితే, అత్యవసరం కాని ఆపరేషన్‌ను పండుగ తర్వాతకు జరపడానికి వైద్యులు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. రక్తహీనత తీవ్రంగా ఉన్నవారు మాత్రం వాయిదా వేయరాదు. ఉపవాసాలు పాటించే మొలల రోగులు ఇఫ్తార్‌లో వేపుళ్లు తగ్గించి, ఇఫ్తార్ నుండి సహరీ వరకు కొద్దికొద్దిగా నీరు ఎక్కువ తాగాలి.

మా సమాధానం

ఇప్పుడు సోదరి ప్రశ్నకు వస్తాము. మీ భర్త కళ్లు తిరిగి పడిపోయారంటే, ముందు తేల్చుకోవలసింది స్టేప్లరా, కత్తా అన్నది కాదు. ఆయన రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదో చూడాలి. పేగు లోపల వేరే వ్యాధి ఏదీ లేదని పరీక్షతో రూఢి చేసుకోవాలి. ఆ రెండింటికి అయ్యే ఖర్చును దయచేసి వాయిదా వేయకండి.

ఆ తర్వాత అది మూడవ దశ మొలలేనని తేలితే, ఖరీదైనది గనుక మేలైనదని అనుకుని గాజులు తాకట్టు పెట్టకండి. పాత శస్త్రచికిత్స పేదవారి కోసం ఉంచిన రెండవ రకం చికిత్స కాదు. మూడు వారాలు కష్టపెడుతుంది, కానీ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆయన మూడు వారాలు మిషను మీద కూర్చోకపోయినా ఇల్లు గడుస్తుందంటే, మా దృష్టిలో ఆ మార్గమే ముందు ఆలోచించదగినది. మూడు వారాల కూలి పోవడం స్టేప్లర్ అదనపు ఖర్చు కంటే భారమైతే, సర్జన్‌కు ఆ పనిలో అనుభవం ఉంటే, తిరిగి రావచ్చునన్న సంగతి ఇద్దరూ తెలిసి ఒప్పుకుంటే, స్టేప్లర్ కూడా సముచితమైనదే. ఈ లెక్క వేయగలిగింది మీరే. మీ ఇద్దరూ కలిసి కూర్చుని వేయండి. నాలుగేళ్లు ఆయన ఒక్కరే మోసిన బరువును ఇకనైనా పంచుకోవచ్చు.

ఈ పుట చదువుతున్నవారిలో ఇంకా ఎవరికీ చెప్పనివారు కొందరు తప్పక ఉంటారు. వారు పత్రికను మూసేముందు ఇంట్లో ఒక్కరికైనా ఆ మాట చెప్పాలని మా కోరిక. అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.